పిల్లల బాప్తిస్మానికి రెడీ అవ్వడం ఎలా: ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడ దెబ్బతింటాం

"బాప్తిస్మం పెట్టుకుంటున్నాం, ఏమేం కొనాలి?" అని అడిగేవాళ్ళే ఎక్కువ. ఎవర్ని కలవాలి, ఏం అడగాలి అనేవాళ్ళు తక్కువ. కొనేవి చివరి వారంలో కొనుక్కోవచ్చండీ, అసలు పనంతా అంతకుముందు రెండు నెలల్లోనే ఉంటుంది, అదీ ఫాదర్ గారితోనో పాస్టర్ గారితోనో, జ్ఞాన తల్లిదండ్రులతోనో (చర్చిలో బిడ్డ తరఫున నిలబడే గాడ్‌పేరెంట్స్), కాగితాలతోనో.

మా పెద్దదానికి మేం తలకిందులుగా చేశాం. డేట్ అందరికీ చెప్పేసి, హాల్ మాట్లాడేసి, అప్పుడు తీరిగ్గా ఫాదర్ దగ్గరికి వెళ్ళాం. ఆయన ఏమీ అనలేదు, క్యాలెండర్ మా వైపు తిప్పారు. ఆ ఆదివారం తపస్సు కాలంలో (ఈస్టర్‌కి ముందు నలభై రోజులు) పడింది, మా విచారణలో (మా ఏరియా చర్చి, అంటే పారిష్) ఆ రోజుల్లో జ్ఞానస్నానాలు ఇవ్వరు. ఇంటికొచ్చి మళ్ళీ అందరికీ ఫోన్లు, ప్రతి ఫోన్లో ఎందుకు మార్చారు, ఏమైంది అని పావుగంట సంజాయిషీ. చిన్నోడికి మాత్రం సరైన వరసలో చేశాం, ఈ గైడ్ రెండోసారి నేర్చుకున్నదాంతో రాస్తున్నా.

కాథలిక్కులం జ్ఞానస్నానం అంటాం, ప్రొటెస్టెంట్ సంఘాల్లో బాప్తిస్మం అంటారు. రెండు మాటలూ కలిపే వాడతా, మీది ఏదైతే అది అనుకోండి. నాకు బాగా తెలిసింది కాథలిక్ పద్ధతి కాబట్టి అదే ఎక్కువ ఉంటుంది, మిగతా సంఘాల్లో తేడా ఉన్నచోట చెప్తాను.

## 1. మీ సంఘంలో పసిపిల్లలకి ఇస్తారా లేదా, ఇంట్లో ముందే తేల్చుకోండి

కాథలిక్, ఆర్థోడాక్స్, ఆంగ్లికన్, లూథరన్, మెథడిస్ట్, ప్రెస్బిటేరియన్ సంఘాల్లో పసిపిల్లలకి ఇస్తారు. బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో మామూలుగా ఇవ్వరు, మనిషి తనంతట తాను నమ్మి ఒప్పుకున్నాకే నీళ్ళలోకి దిగడం. అక్కడ పసిబిడ్డకి ప్రతిష్ఠ ప్రార్థన చేస్తారు, అది బాప్తిస్మం కాదు. రిజిస్టరు, జ్ఞాన తల్లిదండ్రులు లాంటివి దానికి మామూలుగా ఉండవు.

భార్యది ఒక సంఘం, భర్తది ఒక సంఘం అయితే ఈ మాట పాస్టర్ ముందు కూర్చున్నాక కాదు, ఇంట్లోనే అవ్వాలి. ఎందుకంటే పసిపిల్లలకి ఇచ్చే ఏ సంఘంలోనైనా ఇది ఒక్కసారే. అటువాళ్ళ సంతోషానికి అక్కడోసారి, ఇటువాళ్ళ సంతోషానికి ఇక్కడోసారి అనేది కుదరదు. నీళ్ళతో, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో సరిగ్గా ఇచ్చింది అయితే వేరే సంఘంలో ఇచ్చినదాన్ని కూడా కాథలిక్ చర్చి ఒప్పుకుంటుంది, మళ్ళీ ఇవ్వదు.

వయసు సంగతి. కాథలిక్ చర్చి చట్టం పుట్టిన మొదటి కొన్ని వారాల్లోనే ఇప్పించమంటుంది, బిడ్డ కడుపులో ఉండగానే వెళ్ళి ఫాదర్‌తో మాట్లాడుకోవచ్చని కూడా అందులోనే ఉంది. ఆలస్యమైందని వెనక్కి పంపరు, కంగారు వద్దు. కానీ బిడ్డకి ఏడేళ్ళు నిండాయంటే పసిబిడ్డ లెక్కలోకి రాదు, తనకి కూడా కొంత శిక్షణ ఇచ్చి, తన నోటితో అడిగించి అప్పుడు ఇస్తారు. ఆరున్నరలో ఉన్నవాళ్ళు అందుకే ఇంకా వాయిదా వేయకండి.

## 2. డేట్ కంటే ముందు ఫాదర్ దగ్గరికి వెళ్ళండి

ఫోన్లో కాదు, వీలైతే మనిషే వెళ్ళండి, ఇద్దరూ వెళ్ళండి. ఆదివారం పూజ అయిన వెంటనే ఆయన చుట్టూ ఇరవై మంది ఉంటారు, అప్పుడు అడిగితే "ఆఁ చూద్దాం" అంటారు, అది మనం ఓకే అనుకుని వచ్చేస్తాం. ఆఫీసు టైంలో వెళ్ళండి.

అక్కడ అడగాల్సినవి, రాసుకుని వెళ్ళండి:

- పిల్లల జ్ఞానస్నానాలు ఏ రోజుల్లో ఇస్తారు? ప్రతి ఆదివారమా, నెలకోసారా?
- పూజ మధ్యలోనా, పూజ అయ్యాక విడిగానా?
- మా బిడ్డ ఒక్కరేనా, ఇంకా పిల్లలు ఉంటారా?
- తల్లిదండ్రులకి క్లాసు ఉందా, ఎన్నిసార్లు రావాలి, జ్ఞాన తల్లిదండ్రులు కూడా రావాలా?
- ఏ కాగితాలు, ఎప్పటిలోగా ఇవ్వాలి?
- కొవ్వొత్తి, తెల్ల బట్ట చర్చి ఇస్తుందా, మేం తేవాలా?
- నీళ్ళు నెత్తిన పోస్తారా, ముంచుతారా?
- ఫోటోలకి ఏమైనా రూల్స్ ఉన్నాయా?

కాథలిక్కులైతే మామూలుగా మీరు ఉండే ఏరియా విచారణలోనే ఇప్పించాలి. వేరే ఊళ్ళో అమ్మమ్మగారి చర్చిలో చేయించాలనుకుంటే ముందు మీ విచారణ గురువు దగ్గర లెటర్ తీసుకోండి. దీనికి ఒక వారం, పది రోజులు పడుతుంది అనుకుని ప్లాన్ చేసుకోండి.

ఇంకో భయం చాలామందికి ఉంటుంది. మా పెళ్ళి చర్చిలో అవ్వలేదు, నేను ఒక్కదాన్నే పెంచుతున్నా, మా ఆయన క్రైస్తవుడు కాదు, ఇస్తారా అని. వెళ్ళి అడగండి. చర్చి చట్టం చూసేది రెండు విషయాలు: తల్లిదండ్రుల్లో కనీసం ఒకరి ఒప్పుదల ఉండాలి, బిడ్డ ఆ విశ్వాసంలో పెరుగుతుందన్న నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం అస్సలు కనపడకపోతే ఫాదర్ వాయిదా వేయొచ్చు, ఎందుకో మీకు చెప్పాలి కూడా. ఉన్నది ఉన్నట్టు చెప్పినవాళ్ళకి పని త్వరగా అవుతుంది, దాచి తర్వాత బయటపడితే అప్పుడు ఆగుతుంది.

## 3. కాగితాలు

- బిడ్డ బర్త్ సర్టిఫికెట్, కాపీ
- తల్లిదండ్రుల పెళ్ళి సర్టిఫికెట్ (చర్చిలో అయ్యుంటే చర్చిదే)
- మీ ఇద్దరి జ్ఞానస్నాన సర్టిఫికెట్లు, ఉన్నవరకు
- జ్ఞాన తల్లిదండ్రుల జ్ఞానస్నాన, భద్రమైన అభ్యంగన (కన్ఫర్మేషన్, జ్ఞానస్నానం తర్వాత విశ్వాసాన్ని స్థిరపరిచే సంస్కారం) సర్టిఫికెట్లు
- వాళ్ళది వేరే విచారణ అయితే అక్కడి ఫాదర్ ఇచ్చిన లెటర్
- వేరే చోట ఇప్పిస్తుంటే మీ విచారణ అనుమతి లెటర్
- దత్తత బిడ్డ అయితే దత్తత పత్రాలు

అన్ని చోట్లా ఇవన్నీ అడగరు, కొన్ని చోట్ల బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే చాలు. కానీ జ్ఞాన తండ్రి సర్టిఫికెట్ చివరి వారంలో అడిగితే, ఆయనకి జ్ఞానస్నానం అయిన చర్చి ఎక్కడో ఉంటుంది, అక్కడ రిజిస్టరు వెతికేవాళ్ళు సెలవులో ఉంటారు, అందుకని ఈ ఒక్క కాగితం మాత్రం అందరికంటే ముందు మొదలుపెట్టండి.

ఫారం నింపేటప్పుడు పేర్లు బర్త్ సర్టిఫికెట్లో ఉన్న స్పెల్లింగ్ చూసి రాయండి, గుర్తున్నట్టు రాయొద్దు. ముఖ్యంగా తల్లి పేరు. పెళ్ళికి ముందు ఇంటిపేరు ఒకచోట, తర్వాతది ఒకచోట పడితే పదేళ్ళ తర్వాత మొదటి దివ్యసత్ప్రసాదం (పూజలో అప్పం తీసుకోవడం, కమ్యూనియన్) అప్పుడో, పాతికేళ్ళకి పెళ్ళప్పుడో ఎవరీ ఇద్దరు అని ప్రశ్న వస్తుంది.

## 4. జ్ఞాన తల్లిదండ్రుల్ని ఎంచుకోవడం

గొడవలన్నీ ఇక్కడే. కాబట్టి కొంచెం నిదానంగా చదవండి.

కాథలిక్ రూల్ ఏంటంటే, ఒకరు చాలు. ఇద్దరు ఉంటే ఒక మగ, ఒక ఆడ. ఇద్దరు పిన్నుల్నీ పెడతాం, ముగ్గురు మేనమామల్నీ పెడతాం అంటే కుదరదు. వాళ్ళకి ఉండాల్సినవి:

- పదహారేళ్ళు నిండాలి (దీంట్లో కొంచెం సడలింపు ఫాదర్ చేతిలో ఉంది)
- కాథలిక్ అయ్యుండాలి, భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం తీసుకుని ఉండాలి
- చర్చి జీవితానికి తగ్గట్టు నడుచుకుంటూ ఉండాలి
- బిడ్డ సొంత అమ్మానాన్న కాకూడదు

వేరే సంఘంలో బాప్తిస్మం పొందిన ప్రొటెస్టెంట్ ఫ్రెండుని పెట్టుకోవాలనుంటే, కాథలిక్ జ్ఞాన తండ్రో తల్లో ఒకరు ఉన్నప్పుడు వాళ్ళతోపాటు సాక్షిగా నిలబెట్టొచ్చు. అసలు బాప్తిస్మమే లేనివాళ్ళు మాత్రం ఎంత దగ్గరవాళ్ళైనా కుదరదు, వాళ్ళకి మీరే ముందుగా చెప్పండి. చర్చి గుమ్మంలో తెలిస్తే మనసు కష్టపెట్టుకుంటారు.

మిగతా సంఘాల్లో లెక్క వేరు. ఇంగ్లండ్ ఆంగ్లికన్ చర్చి రూల్ ప్రకారం కనీసం ముగ్గురు ఉండాలి, అందులో ఇద్దరు బిడ్డతో సమానంగా మగైతే మగ, ఆడైతే ఆడ. ముగ్గురు దొరక్కపోతే ఒక ఆడ, ఒక మగ సరిపోతారు. ఇంకొకరు ఉంటే అమ్మానాన్న కూడా అందులో ఉండొచ్చు. ప్రెస్బిటేరియన్ సంఘాల్లో ప్రమాణాలు తల్లిదండ్రులే చేస్తారు, బిడ్డని పెంచడంలో తోడుంటామని సంఘమంతా మాట ఇస్తుంది. ఆర్థోడాక్స్‌లో జ్ఞాన తండ్రో తల్లో ఆర్థోడాక్స్ వాళ్ళే అయ్యుండాలి, ఆ రోజు బిడ్డని ఎక్కువసేపు మోసేది కూడా వాళ్ళే.

ఇక ఎవర్ని? పెద్దాయన, డబ్బున్నాయన, మొన్న వాళ్ళ పిల్లకి మిమ్మల్ని పెట్టినాయన, ఈ మూడు లెక్కలూ పక్కన పెట్టండి. నేను చూసుకునేది ఒక్కటే, ఈ మనిషి పదేళ్ళ తర్వాత కూడా మా పిల్లాడి పుట్టినరోజుకి గుర్తుపెట్టుకుని ఫోన్ చేసి, చర్చికి వెళ్ళావా నాన్నా అని అడుగుతాడా లేదా. అడిగేవాడైతే ఆయన ఆటో నడిపినా సరే.

ఆయన్ని పెట్టారు నన్ను పెట్టలేదేం అనే చుట్టాలకి ఒక్కటే జవాబు, చర్చి రూల్ అండీ, ఒక్క మగ ఒక్క ఆడ. నిజమే కదా, మన మీద పడదు. కాకపోతే అడగకముందే నలుగురికీ మాటిచ్చేసి ఉంటే ఈ జవాబు పనిచేయదు.

ఎంచుకున్నాక వాళ్ళతో చేయాల్సిన పని ఒకటుంది, అదే జవాబులు ప్రాక్టీసు చేయించడం. ఇది నవ్వులాటకి చెప్పట్లేదు. మా పెద్దదానికి మా అన్నయ్య జ్ఞాన తండ్రి. ఫాదర్ గట్టిగా "పిశాచిని విసర్జిస్తున్నారా?" అని అడిగారు, మా అన్నయ్య అంతకంటే గట్టిగా "విశ్వసిస్తున్నాను!" అన్నాడు. ఒక్క క్షణం గుడంతా నిశ్శబ్దం, తర్వాత వెనక బెంచీల్లోంచి కిచకిచలు. ఫాదర్ నవ్వు ఆపుకుని మళ్ళీ అడిగారు. ఇప్పటికీ ఇంట్లో ఏ పండగొచ్చినా ఆ మాట ఎవరో ఒకరు ఎత్తుతారు.

విసర్జిస్తున్నాను ముందు, విశ్వసిస్తున్నాను తర్వాత, వినడానికి రెండూ ఒకేలా ఉంటాయి. మీ చర్చి పుస్తకంలో మాటలు కొంచెం వేరేగా ఉండొచ్చు, ఆ పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపండి, ముందురోజు ఒకసారి ఫోన్లో అడిగించండి.

జ్ఞాన తండ్రి దూరదేశంలో ఉండి రాలేకపోతే ఆయన బదులు ఇంకొకరు ప్రతినిధిగా నిలబడటానికి చాలా చోట్ల ఒప్పుకుంటారు, రిజిస్టర్లో మాత్రం అసలాయన పేరే ఉంటుంది. ముందే ఫాదర్ చెవిన వేయండి. అదే రోజు పొద్దున ఫోన్ పట్టుకుని వీడియో కాల్లో ఉన్నాడు ఫాదర్ అంటే ఇబ్బంది పడతారు.

## 5. పేరు

పునీతుల (సెయింట్ల) పేరే ఉండాలి అని ఇప్పటి కాథలిక్ చట్టంలో లేదు. క్రైస్తవ భావానికి విరుద్ధంగా ఉండకూడదు, అంతే. బర్త్ సర్టిఫికెట్లో ఉన్న పేరుకి ముందు ఒక పునీతుల పేరు కలుపుకోవాలంటే కలుపుకోవచ్చు, కానీ ఫారంలో రాసే రోజుకే ఫైనల్ అయిపోవాలి. జ్ఞానస్నానపు నీళ్ళ తొట్టి దగ్గర నిలబడి అత్తగారు ఒక పేరు, అమ్మ ఒక పేరు చెప్పడం నేను కళ్ళారా చూశా.

పలకడం కష్టమైన పేరైతే తెలుగులో పెద్దక్షరాలతో ఒక కాగితం మీద రాసి ఫాదర్‌కి పూజకి ముందే ఇవ్వండి. ఆయన పిలిచే పేరే కదా వీడియోలో జీవితాంతం వినపడేది.

## 6. క్లాసు

ఎగ్గొట్టకండి. కొన్ని గంటలే. అర్థం తెలిస్తే ఆ రోజు ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు ఏం చేయాలి అనేది దానంతటదే తెలుస్తుంది. మీ ప్రశ్నలు అప్పుడే అడిగేయండి.

## 7. ఇప్పుడు డేట్

ఫాదర్ ఇచ్చిన రెండు మూడు తేదీల్లోంచి జ్ఞాన తల్లిదండ్రులకి కుదిరేది పెట్టుకోండి, తర్వాతే హాలు, తర్వాతే పిలుపులు. సాధారణంగా ఆదివారం ఇస్తారు, ఈస్టర్ జాగరణ రాత్రి కూడా ఇస్తారు, అది చాలా అందంగా ఉంటుంది గానీ రాత్రిపూట, పూజ చాలాసేపు, పసిబిడ్డతో కష్టం. తపస్సు కాలంలో ఇస్తారో లేదో ముందే అడగండి, మా అనుభవం పైన చెప్పా కదా.

బిడ్డ టీకా వేసిన మర్నాడు, రెండో రోజు మాత్రం పెట్టుకోకండి. జ్వరం వస్తే మొత్తం పాడవుతుంది.

## 8. బట్టలూ, సంచీ

తెల్ల గౌను ఎంత అందంగా ఉంది అని కాదు, ఎలా విప్పుకుంటుంది అనేది చూడండి. కాథలిక్ పద్ధతిలో నీళ్ళకి ముందు బిడ్డ ఛాతీ మీద నూనె రాస్తారు. మా దానికి మెడ దాకా మూసిన గౌను, గుండీలన్నీ వెనకాల, పద్నాలుగు గుండీలు. ఫాదర్ బొటనవేలు నూనెలో ముంచుకుని అలా ఆగి ఉన్నారు, నేను వెనక్కి తిప్పి ఒక్కొక్కటీ విప్పుతున్నా, పిల్ల ఆరునొక్క రాగం. ముందు తెరుచుకునేవి, మెడ వదులుగా ఉండేవి తీసుకోండి.

చెక్‌లిస్టు:

- వచ్చేటప్పుడు వేసే బట్టలు: మెత్తటి కాటన్, ముందు గుండీలు
- తెల్ల గౌను లేదా తెల్ల శాలువా (నీళ్ళు పోశాక వేసేది, దీన్ని ముందే వేసేయకండి)
- లోపలికి మెత్తటి బనీను, లేసు నేరుగా ఒంటికి తగిలితే గీరుకుంటుంది
- రెండు తువ్వాళ్ళు, ఒకటి మెడ కిందికి, ఒకటి తుడవడానికి
- ఇంకో జత బట్టలు, మేజోళ్ళు, టోపీ
- డైపర్లు మూడు, తడి వైప్స్, ఒక ప్లాస్టిక్ కవరు
- పాల సీసా, లేదా తల్లి పాలివ్వడానికి వీలైన బట్టలు
- కొవ్వొత్తి (చర్చి ఇవ్వకపోతే), దానికింద మైనం పడకుండా అట్టముక్క
- ఫారం కాపీ, పేరు రాసిన కాగితం

గౌను ఒక సైజు పెద్దది కొనండి, వారం ముందు ఒకసారి వేసి చూడండి. పసిపిల్లలు మూడు వారాల్లో ఎంత ఎదుగుతారో కొన్న రోజు గుర్తుండదు.

ఆర్థోడాక్స్ వాళ్ళకి సంచి ఇంకా పెద్దది కావాలి. అక్కడ బిడ్డ ఒంటికి నూనె రాస్తారు, మూడుసార్లు ముంచుతారు, ఆ వెంటనే పరిశుద్ధ తైలంతో అభిషేకం, దివ్యసత్ప్రసాదం కూడా చిన్నపిల్లలకే ఇస్తారు. పెద్ద తెల్ల తువ్వాలు, లోపలి నుంచి పైదాకా మొత్తం కొత్త జత, మెడలో వేసే సిలువ, ఇవన్నీ ఎవరు తెస్తున్నారో జ్ఞాన తల్లిదండ్రులతో ముందే మాట్లాడుకోండి.

## 9. బిడ్డని అలవాటు చేయడం

చిన్నోడికి ఇది చేశాం, చాలా పనిచేసింది. రెండు వారాల ముందు నుంచి రోజూ స్నానం చివర్లో వాణ్ణి వెల్లకిలా చేతి మీద పడుకోబెట్టి, తల కొంచెం కిందికి వంచి, నా అరచేతితో నుదుటి పైనుంచి వెనక్కి మూడుసార్లు గోరువెచ్చటి నీళ్ళు పోసేదాన్ని. ముక్కులోకి, కళ్ళలోకి పోకుండా నుదుటి దగ్గర మొదలుపెట్టి వెనక్కి, అంతే. మొదటి రెండు రోజులు చేతులు అల్లల్లాడించాడు, వారానికి అలవాటైపోయింది.

అక్కడ కూడా ఎత్తుకునేది ఇలాగే. మెడకింద మోచేయి, వీపు కింద మరో చెయ్యి, తల తొట్టి మీదికి, మొహం పైకి. ఎవరు ఎత్తుకుంటారో వాళ్ళే ప్రాక్టీసు చేయాలి. మామూలుగా తల్లో తండ్రో ఎత్తుకుంటారు, జ్ఞాన తల్లి ఎత్తుకుంటానంటే ఇంటికొచ్చి ఒకసారి స్నానం చేయించమనండి.

నీళ్ళు చల్లగా ఉంటాయని భయమైతే కొంచెం వేడినీళ్ళు కలపమని చర్చిలో అడగొచ్చు, అందులో తప్పేం లేదు.

## 10. ఆ రోజు పొద్దున

- కార్యక్రమానికి 40 నిమిషాల ముందు పాలు పట్టడం అయిపోవాలి, తేన్పు వచ్చేదాకా భుజాన వేసుకోండి. అప్పుడే తాగి వెల్లకిలా పడుకోబెడితే కక్కేస్తారు, అదీ తెల్ల గౌను మీద
- నిద్ర టైం చూసుకోండి, నిద్ర ఆపి మేలుకోబెట్టొద్దు, నిద్రపోయే బిడ్డకి ఇవ్వడమే సులువు
- అరగంట ముందు చేరండి, డైపర్ అక్కడ మార్చండి
- జ్ఞాన తల్లిదండ్రులు వచ్చారో లేదో చూసి ఫాదర్‌కి కనపడండి
- నెత్తికి నూనె, నుదుటికి పౌడరు పెట్టకండి, అక్కడే సిలువ గుర్తు వేస్తారు, నీళ్ళు పోస్తారు
- బిడ్డని చేతులు మారుస్తూ తిప్పొద్దు, ఆ పదిహేను మంది ముద్దులూ తర్వాత

## 11. గుడిలో ఏది తర్వాత ఏది

కాథలిక్ వరస చెప్తాను, ఇది తెలిస్తే చేతులు కాళ్ళు ఆడతాయి.

1. గుమ్మం దగ్గర ఫాదర్ ఎదురొచ్చి బిడ్డ పేరు అడుగుతారు, ఏం కోరుతున్నారు అని అడుగుతారు. జవాబు: జ్ఞానస్నానం. గట్టిగా చెప్పండి.
2. బిడ్డ నుదుటి మీద ఫాదర్, తర్వాత అమ్మానాన్న, జ్ఞాన తల్లిదండ్రులు సిలువ గుర్తు వేస్తారు. బొటనవేలుతో, చిన్నగా.
3. బైబిల్ చదవడం, ప్రసంగం, ప్రార్థనలు. ఇక్కడ ఏడిస్తే తల్లి పక్కకి తీసుకెళ్ళి రావచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.
4. ఛాతీ మీద నూనె. గుండీలు ముందే విప్పి ఉంచుకోండి.
5. తొట్టి దగ్గరికి. నీళ్ళ ఆశీర్వాదం.
6. విసర్జించడం, తర్వాత విశ్వాస ప్రమాణం. మా అన్నయ్యని తలుచుకోండి.
7. నీళ్ళు మూడుసార్లు. ఈ టైంలో ఎత్తుకున్నవాళ్ళు కెమెరా వైపు చూడొద్దు, బిడ్డ మెడ చూడండి.
8. నడినెత్తి మీద పరిశుద్ధ తైలం. మంచి వాసన వస్తుంది, దాన్ని తుడిచేయకండి. తడి తలని తువ్వాలుతో రుద్దేది కూడా దీనికి ముందే, నెమ్మదిగా అద్దండి.
9. తెల్ల వస్త్రం.
10. పాస్కా కొవ్వొత్తి (ఈస్టర్‌కి వెలిగించే పెద్ద కొవ్వొత్తి) నుంచి వెలిగించిన కొవ్వొత్తి. తండ్రో జ్ఞాన తండ్రో వెలిగిస్తారు.
11. పరలోక జపం, తల్లికీ తండ్రికీ అందరికీ ఆశీర్వాదం.

పూజ మధ్యలో అయితే కొంచెం అటూ ఇటూ అవుతుంది. మిగతా సంఘాల్లో నూనెలు ఉండకపోవచ్చు, కొవ్వొత్తి ఉండకపోవచ్చు, కానీ నీళ్ళు, ఆ మాటలు, ప్రమాణాలు అన్నిచోట్లా ఉంటాయి.

కొవ్వొత్తి దగ్గర ఒక్కమాట. పట్టుకునేవాళ్ళు బిడ్డకి ఒక చెయ్యి దూరంలో నిలబడాలి, వదిలేసిన జుట్టు, వేలాడే చున్నీ, లేసు గౌను, మూడూ మంటకి చుట్టాలే. ఫోటో కోసం బిడ్డ చేతికి కొవ్వొత్తి ఆనించొద్దు.

ఇంకోటి, మాటల విషయంలో మన సలహాలు వద్దు. ఒకాయన నన్ను అడిగాడు, తాతయ్య, నాన్న, ఫాదర్ అందరూ కలిసి మేము ఇస్తున్నాం అంటే బాగుంటుంది కదా అని. బాగుండటం కాదు, చెల్లదు. అలా "మేము" అని ఇచ్చినవి చెల్లవని వాటికన్ 2020 ఆగస్టులో స్పష్టంగా చెప్పేసింది, మళ్ళీ మొదట్నుంచి ఇవ్వాల్సిందే. నీళ్ళు పోసే మనిషే, నేను నీకు ఇస్తున్నాను అని, పిత పుత్ర పవిత్రాత్మ నామంలో అనాలి.

## 12. ఫోటోలు

ఫోటోగ్రాఫర్ ఒక్కరే, ఒక్కచోటే. తొట్టికి అవతలి వైపు, ఫాదర్‌కి ఎదురుగా, ముందే చూపించండి. ఫ్లాష్ ఆపమనండి. ఫాదర్, ఇంకోసారి పోయండి, మిస్సయింది అని అడగడానికి ఇది దండలు మార్చుకోవడం కాదు. కావాలంటే అయ్యాక తొట్టి దగ్గర అందరూ నిలబడి ఫోటో దిగొచ్చు.

## 13. వచ్చేముందు రిజిస్టరు

అందరూ మర్చిపోయేది ఇదే. సంతకాలప్పుడు రెండు నిమిషాలు ఆగి చదవండి:

- బిడ్డ పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు
- తల్లి పేరు, తండ్రి పేరు, అక్షరం అక్షరం
- జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు
- జ్ఞానస్నానం జరిగిన తేదీ, ఇచ్చినవారి పేరు

తప్పుంటే అప్పుడే చెప్పండి, ఆ రోజు ఒక గీతతో పోతుంది, పాతికేళ్ళకి అఫిడవిట్లు. సర్టిఫికెట్ తీసుకుని స్కాన్ చేసి దాచండి. ఒకవేళ పోయినా రిజిస్టరు చర్చిలో ఉంటుంది, కాబట్టి చర్చి పేరు, తేదీ రెండూ ఎక్కడైనా రాసి పెట్టుకుంటే చాలు. పెళ్ళికి ఎలాగూ పాతది తీసుకోరు, మామూలుగా ఆరు నెలల్లోపు ఇచ్చిన కొత్త కాపీ అడుగుతారు.

## 14. ఇవి జరుగుతాయి, ఇలా సర్దుకోండి

బిడ్డ ఆపకుండా ఏడుస్తుంటే: ఏం ఫర్వాలేదు, ఫాదర్లకి అలవాటే. ఊరుకోబెట్టడానికి నలుగురు మూగకండి, దానికే ఎక్కువ ఏడుస్తారు.

జ్ఞాన తల్లి ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే: జ్ఞాన తండ్రి ఒక్కరున్నా సరిపోతుంది, ఆగాలా మొదలుపెట్టాలా ఫాదర్‌ని అడగండి.

బిడ్డకి జ్వరం వస్తే: వాయిదా వేయండి. భోజనాలు అయిపోతాయని బిడ్డని తీసుకెళ్ళకండి, చుట్టాలు తిని వెళ్తారు, జ్ఞానస్నానం వచ్చేవారం.

తల్లికి ఒంట్లో బాగోకపోతే: తండ్రి, జ్ఞాన తల్లిదండ్రులు ఉన్నా ఇవ్వొచ్చు, కానీ తొందర లేకపోతే ఆమె కోలుకునేదాకా ఆగడమే నయం, జీవితంలో ఒక్కసారి కదా.

## 15. ఆసుపత్రిలో ప్రాణాపాయం ఉంటే

ఇది ఎవరికీ అవసరం పడకూడదు, కానీ తెలిసి ఉండాలి. బిడ్డ ప్రాణాపాయంలో ఉండి ఫాదర్ వచ్చే టైం లేకపోతే కాథలిక్ చర్చి ప్రకారం ఎవరైనా ఇవ్వొచ్చు, నర్సు అయినా, అమ్మమ్మ అయినా, చివరికి క్రైస్తవులు కానివాళ్ళయినా, చర్చి చేసేదే చేస్తున్నా అనే ఉద్దేశం ఉంటే చాలు.

- మామూలు శుభ్రమైన నీళ్ళు చాలు, ఆశీర్వదించినవి కానక్కర్లేదు
- డాక్టర్‌తో చెప్పి, ఇంక్యుబేటర్‌లో ఉంటే వాళ్ళు ఎలా చేయమంటే అలా
- తల మీద నీళ్ళు మూడుసార్లు పోస్తూ, పేరు పెట్టి పిలిచి, "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను" అనాలి
- పోసేదీ అనేదీ ఒక్కరే
- వీలైతే పక్కన ఒక సాక్షి
- తేదీ, టైం, ఇచ్చినవారి పేరు రాసుకోండి

తర్వాత వీలైనంత త్వరగా విచారణలో చెప్పి రిజిస్టర్లో రాయించండి. బిడ్డ కోలుకున్నాక గుడికి తీసుకెళ్తే ఫాదర్ మళ్ళీ నీళ్ళు పోయరు, అయిపోయింది కాబట్టి. పరిశుద్ధ తైలం, తెల్ల వస్త్రం, కొవ్వొత్తి, మిగిలినవన్నీ అప్పుడు చేస్తారు. ఆ కాగితం మాత్రం పారేయకండి, ఆయన మొదట అడిగేది ఎవరు ఇచ్చారు, ఏమని ఇచ్చారు అనే.